మనిషిని మలిచేది రక్తమా, అలవాటా? ఇబ్న్ ఖల్దూన్ జీవితకథ

ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు అనుకోండి. ఒకడు గుంటూరు దగ్గర పల్లెలో నానీ దగ్గర పెరిగాడు. ఇంకొకడు హైదరాబాద్ పాతబస్తీలో మామూ ఇంట్లో పెరిగాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే ముఖాలు ఒకేలా ఉంటాయి. కానీ మాట వేరు, నవ్వు వేరు, కోపం వచ్చే సందర్భం కూడా వేరు. మన కుటుంబాల్లో ఇది కొత్తేమీ కాదు. వాడికి ఆ ఊరి గాలి తగిలిందని పెద్దవాళ్లు ఒక్క మాట అనేసి ఊరుకుంటారు.

ఆ గాలి అంటే ఏమిటి? అది మనిషి లోపలికి ఎలా వెళ్తుంది? వెళ్లి ఏం చేస్తుంది? ఈ ప్రశ్నల గురించి సుమారు 650 ఏళ్ల క్రితమే ఒక పెద్దమనిషి తీరిగ్గా కూర్చుని ఆలోచించారు, పుస్తకం రాశారు. ఆయనే ఇబ్న్ ఖల్దూన్. చరిత్రకారుడిగా, సమాజ శాస్త్రానికి ఆద్యుల్లో ఒకరిగా ప్రపంచమంతా ఆయన్ని గౌరవిస్తుంది. మనలో చాలామందికి పేరు తెలుసు, జీవితం తెలియదు. ఆ జీవితం తెలిస్తేగానీ ఆయన ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు.

ఇంట్లో విన్న కథ

పూర్తి పేరు అబూ జైద్ అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ముహమ్మద్ ఇబ్న్ ఖల్దూన్. హిజ్రీ 732లో రమజాన్ మొదటి రోజున, అంటే 1332 మే 27న, తునీస్ నగరంలో పుట్టారు. అది నేటి ట్యునీషియా రాజధాని.

ఆయన పుట్టిన ఊరు తునీసే అయినా, ఇంట్లో మాత్రం ఇంకో ఊరి కథలు వినిపించేవి. ఆ ఊరు అందలుస్‌లోని ఇష్బీలియా. ఇప్పుడు స్పెయిన్‌లో సెవిల్ అంటున్నాం. పూర్వీకులు యెమెన్ వైపున్న హజ్రమౌత్ నుంచి బయలుదేరి అందలుస్ చేరారు. ఇష్బీలియాలో పెద్ద ఖాందాన్‌గా, రాజకీయాల్లో పలుకుబడి ఉన్న ఇంటిగా తరతరాలు బతికారు. 1248లో ఆ నగరం క్రైస్తవ రాజుల చేతిలోకి వెళ్లింది. అది పడిపోకముందే కుటుంబం ఇల్లూ భూములూ వదిలేసి సముద్రం దాటి వచ్చేసింది. ఇబ్న్ ఖల్దూన్ పుట్టేసరికి ఇదంతా జరిగి 80 ఏళ్లు దాటింది. అయినా తాము అందలుస్ వాళ్లమనే భావన ఆ ఇంట్లో పోలేదు.

హైదరాబాద్ నుంచో, కర్నూలు నుంచో వేరే దేశం వెళ్లి స్థిరపడిన కుటుంబాలను చూస్తే ఇది అర్థమవుతుంది. పిల్లలు ఆ ఊరిని చూసి ఉండరు. కానీ ఆ ఊరు వాళ్ల మాటల్లో ఉంటుంది.

ఆ వంశం మూలపురుషుడు వాయిల్ ఇబ్న్ హుజ్ర్ అనే సహాబీ అని ఇంట్లో చెప్పుకునేవారు. అంతటి గొప్ప సంబంధాన్ని ఎవరు కాదనుకుంటారు? ఇబ్న్ ఖల్దూన్ కూడా కాదనలేదు. కానీ పెద్దయ్యాక ఆత్మకథ రాస్తూ తన వంశవృక్షాన్నే లెక్కపెట్టి చూసుకున్నారు. అందలుస్ చేరిన తాత ఖల్దూన్ దాకా తనకు తెలిసిన పేర్లు పదే. మధ్యలో గడిచిన కాలం సుమారు 700 ఏళ్లు. నూరేళ్లకు మూడు తరాల చొప్పున చూసినా ఇరవై పేర్లు ఉండాలి కదా! కాబట్టి మధ్యలో చాలా పేర్లు జారిపోయి ఉంటాయని నిజాయితీగా రాసేశారు. సొంత ఇంటి కథను కూడా లెక్కకు నిలబెట్టిన మనిషి ఆయన.

మహమ్మారి మిగిల్చిన కుర్రవాడు

తండ్రి రాజకీయాలకు దూరంగా ఉండి చదువులో బతికిన మనిషి. కొడుకు చిన్నప్పుడే ఖుర్‌ఆన్ కంఠస్థం చేశాడు. హదీసు, ఫిఖ్‌హ్, అరబీ సాహిత్యం చదివాడు. 1347లో మొరాకో సుల్తాన్ తునీస్‌ను గెలిచినప్పుడు ఆయన వెంట పెద్ద పెద్ద పండితులు వచ్చారు. వాళ్లలో అల్ ఆబిలీ అనే గురువు ఈ కుర్రవాడికి తర్కం, గణితం, తత్వం నేర్పారు. ఇల్లంతా చదువుల సందడి.

ఆ మరుసటి ఏడాదే ప్లేగు వచ్చింది. ఆసియా నుంచి యూరప్ దాకా జనాన్ని తుడిచిపెట్టిన మహమ్మారి అది. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. చదువు చెప్పిన గురువుల్లో చాలామంది పోయారు. అప్పటికి ఇబ్న్ ఖల్దూన్‌కు ఇంకా 17 ఏళ్లే. కొవిడ్ రోజుల్లో ఒకే ఇంట్లో రెండు జనాజాలు చూసిన కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. అలాంటి ఇళ్లకు ఈ కుర్రవాడి పరిస్థితి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ప్లేగు తన కళ్లముందే లోకాన్ని మార్చేసిందని ఆయన తర్వాత రాశారు. ఊళ్లు ఖాళీ అయ్యాయి, దారులు చెరిగిపోయాయి, రాజ్యాలు బలం కోల్పోయాయి. లోకం ఇంతగా మారినప్పుడు దాన్ని మళ్లీ కొత్తగా రాసిపెట్టేవాడు ఒకడు ఉండాలని ఆయనకు అనిపించింది. ఆ పని చేతికి రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

దర్బారులు, జైలు, ఇష్బీలియా

ఇరవై ఏళ్ల వయసులో తునీస్ దర్బారులో కొలువు దొరికింది. సుల్తాన్ ఫర్మానాల పైన పెద్ద అక్షరాలతో అల్లాహ్ స్తుతి రాయడం ఆయన పని. గౌరవం ఉంది గానీ ఆలోచించే పని కాదు. త్వరలోనే ఫెజ్ నగరం వెళ్లారు. అక్కడ సుల్తాన్ కొలువులో పైకి వచ్చారు, కుట్ర ఆరోపణ మీద జైల్లో పడ్డారు. దాదాపు రెండేళ్లు జైల్లోనే గడిచాయి. 1358లో సుల్తాన్ చనిపోయాకే బయటికొచ్చారు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ రోజుల్లో ఆయన ఒక ప్రభువు పక్షం నుంచి ఇంకొకరి పక్షానికి చాలాసార్లు మారారు. పదవి మీద ఆశ ఉండేది. తన ఆత్మకథలో కూడా దాన్ని పెద్దగా దాచుకోలేదు.

1362 చివర్లో గ్రనడా చేరారు. అందలుస్‌లో ముస్లింల చేతిలో మిగిలింది ఆ ఒక్క రాజ్యమే. 1364లో గ్రనడా సుల్తాన్ ఆయన్ని దూతగా కాస్టీల్ క్రైస్తవ రాజు పేద్రో దగ్గరికి పంపారు. పేద్రో దర్బారు ఎక్కడుంది? ఇష్బీలియాలో!

చిన్నప్పటి నుంచి కథల్లో విన్న ఊరును 32 ఏళ్ల వయసులో కళ్లారా చూశారు. పూర్వీకుల గుర్తులు ఇంకా అక్కడ ఉన్నాయి. పేద్రో ఆయన తెలివితేటలకు మెచ్చి తన దగ్గరే ఉండిపొమ్మన్నాడు. ఉంటే తాతల నాటి ఆస్తి తిరిగి ఇస్తానన్నాడు. ఇంట్లో తరతరాలుగా తలచుకున్న భూములు చేతికి అందుతున్నాయి. ఇబ్న్ ఖల్దూన్ మర్యాదగా వద్దన్నారు. రాజు ఇచ్చిన బంగారు జీను వేసిన కంచరగాడిదను మాత్రం పుచ్చుకుని, తిరిగొచ్చి తన సుల్తాన్‌కు ఇచ్చేశారు.

కథ మనిషిని నడిపిస్తుంది నిజమే. కానీ కథ ఎక్కడిదాకా నడపాలో మనిషి నిర్ణయించుకోగలడు కూడా. ఆ రోజు ఆయన చేసింది అదే.

గ్రనడాలో ఆయన ఇంకోటి గమనించారు. అందలుస్ ముస్లింలు తమను ఓడించిన పొరుగువాళ్ల బట్టలు వేసుకుంటున్నారు, వాళ్ల నగలు పెట్టుకుంటున్నారు, ఇళ్ల గోడల మీద వాళ్లలాగే బొమ్మలు గీయిస్తున్నారు. ఎందుకు? గెలిచినవాడిలో ఏదో గొప్పతనం ఉందని ఓడినవాడి మనసు నమ్మేస్తుంది. వాడి గెలుపుకు కారణం వాడి బలం కాదు, వాడి బట్టా భాషా అని పొరబడుతుంది. ఇక అనుకరణ మొదలవుతుంది. పిల్లలు తండ్రిని చూసి నడక నేర్చుకున్నట్టే ఇది కూడా అన్నది ఆయన వివరణ.

గుడారాల్లో విన్న పాటలు

తర్వాత పదేళ్లు బిజాయా, బిస్‌క్రా ప్రాంతాల్లో గడిచాయి. నేటి అల్జీరియా అన్నమాట. బిజాయాలో మంత్రి పదవి చేశారు, మసీదులో పాఠం చెప్పారు. అక్కడి అమీర్ యుద్ధంలో చనిపోయాక ఎడారి అరబ్బు తెగల మధ్య తిరిగారు. సుల్తాన్‌ల తరఫున తెగలతో మాట్లాడి పెట్టడం ఆయన పని. గుడారాల్లో ఉన్నారు, వాళ్లతో కలిసి తిన్నారు, రాత్రిళ్లు వాళ్ల పాటలు విన్నారు.

ఆ తెగలు చాలావరకు బనూ హిలాల్ సంతతి. మూడు వందల ఏళ్ల క్రితం వాళ్ల పెద్దలు ఈజిప్ట్ వైపు నుంచి మగ్రిబ్ వచ్చారు. ఆ వలస, ఆ యుద్ధాలు, జాజియా అనే స్త్రీ విరహం, ఇవన్నీ పాటలుగా తరతరాలు పాడుకుంటున్నారు. నగర పండితులకు ఆ పాటలంటే చులకన. వ్యాకరణం సరిగా లేదు, ఇది కవిత్వమే కాదు అనేవారు. ఇబ్న్ ఖల్దూన్ అలా కొట్టిపారేయలేదు. విన్నవాడి మనసును కదిలించగలిగితే అది కవిత్వమే, విభక్తి ప్రత్యయాలు లేనంత మాత్రాన తక్కువ కాదని వాదించి, ఆ పాటల్ని తన పుస్తకంలో రాసిపెట్టారు. అలా రాయబట్టే ఆ నోటి పాటల్లో కొన్ని మనదాకా మిగిలాయి.

ఆ కథలో చరిత్రకు నిలవని సంగతులు ఉన్నాయని ఆయనకు తెలుసు. కానీ ఆ తెగల్లో దాన్ని అనుమానించే మనిషే ఉండడని కూడా చూశారు. అక్కడే ఆయనకు ఒక విషయం తట్టింది. ఒక జనాన్ని కట్టి ఉంచేది రక్తం ఒక్కటే కాదు. మనం ఒకటి అనే నమ్మకం. దానికి ఆయన వాడిన మాట అసబియ్య. వంశం అనేది నిజానికి మనసులో ఊహించుకునే విషయమే, దానివల్ల మనుషుల మధ్య పుట్టే దగ్గరితనమే దాని ప్రయోజనం అని తేల్చారు. వంశాల గొప్పలే చెలామణి అయ్యే కాలంలో ఈ మాట రాయడానికి గుండె ధైర్యం కావాలి.

కోటలో ఐదు నెలలు

1375కి దర్బారులంటే విసుగు వచ్చేసింది. దానికి ముందు ఏడాది, గ్రనడాలో తన స్నేహితుడు, గొప్ప కవి, వజీర్ ఇబ్నుల్ ఖతీబ్‌ను ఫెజ్ జైల్లో చంపేశారు. ఇబ్న్ ఖల్దూన్ కాపాడాలని ప్రయత్నించారు, కుదరలేదు. భార్యాపిల్లల్ని తీసుకుని ఇబ్న్ సలామా కోట అనే మారుమూల చోటికి వెళ్లిపోయారు. ఒక తెగ వాళ్లు ఆశ్రయం ఇచ్చారు. అక్కడే సుమారు నాలుగేళ్లు ఉన్నారు.

1377లో ఐదు నెలల్లో ముఖద్దిమా తొలి ప్రతి పూర్తిచేశారు. తాను రాయబోయే పెద్ద చరిత్రకు అది ముందుమాట మాత్రమే. ఇప్పుడు ఆ ముందుమాటే ప్రపంచమంతా చదువుతోంది.

పాత చరిత్రకారులు కథల్ని గుడ్డిగా నకలు చేశారన్నది ఆయన మొదటి ఫిర్యాదు. ఉదాహరణకు, సముద్రంలోని వింత జంతువులు అలెగ్జాండ్రియా కట్టనివ్వకపోతే సికందర్ ఒక గాజు పెట్టెలో కూర్చుని సముద్రం అడుగుకు వెళ్లాడని పేరున్న చరిత్రకారుడు మస్ఊదీ రాశాడు. ఇబ్న్ ఖల్దూన్ సూటిగా అడిగారు: మూసిన పెట్టెలో గాలి ఎక్కడిది? ఊపిరాడక చచ్చిపోడా? అసలు ఏ రాజైనా రాజ్యం వదిలి అంత ప్రమాదంలోకి దూకుతాడా? ఎవరు చెప్పారన్నది ఒక్కటే చాలదు, అలా జరగడానికి వీలుందా అని కూడా చూడాలన్నది ఆయన పద్ధతి. వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదీ ముందుకు పంపేసే మనకు ఈ పద్ధతి చాలా అవసరం.

రెండో సంగతి ఇంకా లోతైనది. మగ్రిబ్ నుంచి తూర్పు దేశాలకు వెళ్లొచ్చినవాళ్లు, అక్కడివాళ్లు పుట్టుకతోనే మనకన్నా తెలివైనవాళ్లని చెప్పేవారు. అది తప్పు అన్నారు ఇబ్న్ ఖల్దూన్. పుట్టుకలో తేడా లేదు. అక్కడ నగరాలు పాతవి, చేతిపనులు ఎక్కువ, చదువుల వాడుక ఎక్కువ. ఒక్కో పని నేర్చుకున్నప్పుడల్లా మనసుకు కొత్త పదును వస్తుంది. ఆ పదునును చూసి జనం పుట్టుక గొప్పతనం అనుకుంటున్నారు. అంతే తేడా.

భాష కూడా అంతే. అరబీ వ్యాకరణానికి పునాది వేసిన సీబవైహ్ వంశం చూస్తే అరబ్బు కాదు. కానీ అరబీ మాట్లాడేవాళ్ల మధ్య పెరిగాడు. కాబట్టి అరబీ అతని సొంత భాష అయింది. నేర్పు అనేది చేసి చేసి మనిషిలో పాతుకుపోయే గుణం. ఆయన దాన్ని మలకా అన్నారు. ఉర్దూలో ఆ మాట మనకు ఇప్పటికీ ఉంది.

కవిత్వం నేర్చుకునేవాడికి ఆయన ఇచ్చిన సలహా విచిత్రంగా ఉంటుంది. మంచి కవిత్వం బోలెడంత కంఠస్థం చేయాలి, ఆ తర్వాత మర్చిపోవాలి! మాటలు మనసులోంచి చెరిగిపోయినా వాటి అచ్చు మిగిలిపోతుంది, ఆ అచ్చులోనే కొత్త మాట తయారవుతుంది. తన సంగతే ఉదాహరణగా చెప్పుకున్నారు. చిన్నప్పుడు పఠన నియమాల పద్యాలు, ఫిఖ్‌హ్ పాఠాలు ఎక్కువ కంఠస్థం చేయడం వల్ల తనకు కవిత్వం సాఫీగా రాదని స్నేహితుడు ఇబ్నుల్ ఖతీబ్‌తో ఒప్పుకున్నారు.

చిన్నప్పుడు దాదీ చెప్పిన కథ మనకు ఇప్పుడు వరసగా గుర్తుండదు. రాజు పేరు పోతుంది, ఊరి పేరు పోతుంది. కానీ ఎవరి మీద జాలిపడాలో, ఎవరిని చూసి భయపడాలో ఆ కథ నేర్పింది మాత్రం లోపల ఉండిపోతుంది.

బెత్తం కింద పెరిగిన మనసు

ముఖద్దిమాలో తల్లిదండ్రులు, ఉస్తాదులు తప్పకుండా చదవాల్సిన భాగం ఒకటి ఉంది. చదువు పేరుతో పిల్లల్ని కొట్టి భయపెడితే ఏమవుతుంది? వాళ్లలో హుషారు చస్తుంది. బద్ధకం వస్తుంది. దెబ్బ తప్పించుకోవడానికి అబద్ధం, నటన నేర్చుకుంటారు. మొదట భయంతో చేసింది తర్వాత అలవాటుగా, చివరికి స్వభావంగా మారుతుంది. అలా పెరిగినవాడు తనను తాను కాపాడుకోలేడు, ఇంకొకరి మీద ఆధారపడతాడు. వ్యక్తులకే కాదు, అణచివేతకు గురైన జాతులకూ ఇదే జరుగుతుందని రాశారు. ఇదంతా 1377లో రాసినది. పిల్లవాడు అబద్ధాలు ఆడుతున్నాడని కొట్టే ముందు, ఆ అబద్ధం ఎక్కడ నేర్చుకున్నాడో మనం ఒకసారి ఆలోచించాలి.

ఇంత చెప్పిన మనిషి తన కాలం నుంచి పూర్తిగా బయటపడ్డారా? లేదు. నల్లజాతి వారి రంగు ఒక శాపం వల్ల వచ్చిందన్న ప్రచారాన్ని ఆయన గట్టిగా ఖండించారు, అది వాతావరణ ప్రభావమేనన్నారు. కానీ అదే పుస్తకంలో ఎడారికి దక్షిణాన ఉండే ఆఫ్రికా ప్రజల గురించి చాలా చులకన మాటలు రాశారు. తన చుట్టూ ఉన్నవాళ్లు అనుకునేదాన్నే ఆయనా అనుకున్నారు. కథల్ని జల్లెడ పట్టడం నేర్పినవాడి జల్లెడలోనూ కొన్ని రాళ్లు మిగిలాయి. మనిషి తన కాలపు గాలి నుంచి తప్పించుకోవడం ఎంత కష్టమో దీన్ని బట్టే తెలుస్తుంది.

సముద్రం తీసుకుపోయిన ఇల్లు

1382లో హజ్ కోసమని చెప్పి తునీస్ నుంచి ఓడ ఎక్కి ఈజిప్ట్ చేరారు. కైరో చూసి ఆశ్చర్యపోయారు. అల్ అజ్‌హర్‌లో పాఠాలు చెప్పారు. 1384లో సుల్తాన్ బర్ఖూఖ్ ఆయన్ని మాలికీ ఖాజీగా నియమించారు. లంచాలకు, సిఫారసులకు లొంగలేదు. దాంతో శత్రువులు పెరిగారు.

కుటుంబం ఇంకా తునీస్‌లోనే ఉంది. బర్ఖూఖ్ కబురు పంపితే తునీస్ సుల్తాన్ వాళ్లను పంపడానికి ఒప్పుకున్నాడు. భార్యాపిల్లలు ఓడ ఎక్కారు. అలెగ్జాండ్రియా దగ్గరికి వచ్చాక తుఫానులో ఓడ మునిగిపోయింది. 17 ఏళ్ల వయసులో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న మనిషి, 52 ఏళ్ల వయసులో మళ్లీ ఒంటరయ్యారు. కొంతకాలానికి పదవి పోయింది. 1387లో హజ్ చేసి వచ్చి చదువులో మునిగిపోయారు.

మిగిలిన జీవితమంతా ఈజిప్ట్‌లోనే గడిపారు. ఆరుసార్లు ఖాజీ అయ్యారు. అయినా అక్కడి ఖాజీల దుస్తులు వేసుకోకుండా మగ్రిబ్ పద్ధతి బట్టల్లోనే తిరిగేవారు. కైరో వాళ్లకు అది నచ్చేది కాదు. పోయిన ఊరు, పోయిన ఇల్లు, పోయిన మనుషులు ఆయనకు మిగిల్చింది బహుశా ఆ వేషమేనేమో.

1401 జనవరిలో తైమూర్ సైన్యం డమాస్కస్‌ను చుట్టుముట్టింది. అప్పుడు ఇబ్న్ ఖల్దూన్ నగరం లోపలే ఉన్నారు. వయసు 68. తాళ్లతో కోటగోడ మీంచి కిందికి దింపించుకుని తైమూర్ గుడారానికి వెళ్లారు. 35 రోజులు అక్కడ రాకపోకలు సాగించారు. తైమూర్ మగ్రిబ్ దేశాల గురించి అడిగితే రాసి ఇచ్చారు. ఒక ఖుర్‌ఆన్ ప్రతి, జానమాజ్, నాలుగు పెట్టెల ఈజిప్ట్ మిఠాయి కానుకగా ఇచ్చారు. పండితుడిగా ఆయన మర్యాద దక్కించుకున్నారు. నగరాన్ని మాత్రం కాపాడలేకపోయారు. డమాస్కస్‌ను దోచుకున్నారు, ఉమయ్యద్ మసీదు కాలిపోయింది. రాజ్యాలు ఎలా లేస్తాయో, ఎలా కూలతాయో అందరికన్నా బాగా రాసిన మనిషి ఆ మంటలు చూసి కైరో తిరిగొచ్చారు.

హిజ్రీ 808 రమజాన్ నెల చివరి రోజుల్లో, 1406 మార్చిలో, కన్నుమూశారు. పుట్టిందీ రమజాన్‌లోనే, పోయిందీ రమజాన్‌లోనే. కైరోలో బాబున్నస్ర్ బయట సూఫీల ఖబ్రస్తాన్‌లో ఖననం చేశారు. ఆ సమాధి ఎక్కడుందో ఈరోజు ఎవరూ చూపించలేరు.

మన ఇళ్లకు

మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, ఫోన్లో ఇంకేదో వింటూ పెరుగుతున్నారు. వీటిలో ఏదీ వాళ్లను తాకకుండా పోదు. రోజూ వినేది, రోజూ చేసేది, రోజూ ఎవరితో తిరుగుతున్నారో ఆ సావాసం, ఇవే వాళ్ల స్వభావంగా మారతాయని ఇబ్న్ ఖల్దూన్ తన జీవితం చూసి, లోకం చూసి చెప్పారు.

అందుకే పిల్లలకు ఖాందాన్ కథ చెప్పండి. ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ పని చేశారో, ఎలాంటి కష్టం పడ్డారో చెప్పండి. తెలియని చోట గొప్పలు కల్పించి నింపకండి, ఇక్కడ మనకు పేర్లు తెలియవని చెప్పేయండి. పది పేర్లే తెలుసని ఒప్పుకున్నందుకు ఇబ్న్ ఖల్దూన్ వంశం చిన్నదైపోలేదు. పొరుగువాడి మీద ద్వేషం నేర్పే కథ ఎవరైనా తెస్తే, అది ఎంత పెద్దమనిషి నోట వచ్చినా, ఆ గాజు పెట్టెలో గాలి ఎక్కడిదని పిల్లలే అడిగేలా పెంచండి.